ఓడెక్కే ముందు... ఒక్కరోజు!

నౌకావిహారం అనగానే అందరి కళ్లూ ఓడ మీదే. అది బయల్దేరే ఊరి సంగతి ఎవరికీ పట్టదు. కానీ యాత్ర సాఫీగా సాగాలన్నా, ఆలూమగలు అలసట లేకుండా ఓడెక్కాలన్నా అసలు కీలకం ముందురోజే. సింగపూర్‌లో ఓ రోజు ఆగి ఓడెక్కిన బెజవాడ జంట ప్రయాణం చెబుతున్నదీ అదే.

బస్సు తప్పిపోతే గంటలో మరోటి. రైలు తప్పిపోతే మర్నాటికి తత్కాల్‌. విమానం తప్పిపోయినా కాస్త చేతిచమురు వదిలించుకుంటే మరోదాంట్లో చోటు దొరుకుతుంది. మరి ఓడ తప్పిపోతే? రేవులో నిలబడి చెయ్యూపడమే!

వేలమందిని ఎక్కించుకున్న విహారనౌక వెనకబడ్డ ఇద్దరి కోసం ఆగదు. ఈ రేవు ఎప్పుడు వదలాలో, మర్నాటి రేవు ఎప్పుడు చేరాలో ముందే ఖరారై ఉంటుంది. ప్రయాణికుల జాబితా కూడా ముందుగానే అధికారులకు అందాలి. అందుకే ఓడ కదలడానికి గంట, గంటన్నర ముందే చెక్‌ఇన్‌ కౌంటర్లు మూసేయడం మామూలే. ఆ తర్వాత పరుగెత్తుకొచ్చినా లాభం ఉండదు. టికెట్‌ డబ్బు సాధారణంగా వెనక్కి రాదు. తర్వాతి రేవులో ఓడను అందుకుందామంటే ఆ ఖర్చూ, ఆ దేశం అనుమతులూ మనమే చూసుకోవాలి. అందుకే అలవాటైనవాళ్లు చెప్పే మొదటి మాట ఒక్కటే... ఓడ బయల్దేరే ఊరికి ఒకరోజు ముందే చేరండి!

'దండగే కదా?'

ఆ మాట చెవికెక్కడం అంత తేలిక కాదు. బెజవాడకు చెందిన ఈ జంటలో ఆయన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి. ఆవిడ గృహిణి. పెళ్లయి 35 ఏళ్లయిన సందర్భంగా పిల్లలిద్దరూ కలిసి సింగపూర్‌ నుంచి బయల్దేరే మూడు రాత్రుల నౌకావిహారానికి టికెట్లు కొన్నారు. ఒకరోజు ముందు వెళ్లి హోటల్లో ఉండాలనేసరికి ఆయనలోని బ్యాంకు ఉద్యోగి నిద్రలేచాడు. హైదరాబాద్‌లో రాత్రి విమానమెక్కితే తెల్లారేసరికి అక్కడ ఉంటాం. ఓడేమో సాయంత్రానికి. మధ్యలో బోలెడు సమయం. ఇంకా హోటల్‌ దండగెందుకన్నది ఆయన లెక్క.

కాగితం మీద ఆ లెక్క సరైనదే. కాకపోతే విమానం ఆలస్యం కావడం ఆ లెక్కలో లేదు. పెట్టె ఈ విమానంలో ఎక్కకుండా మిగిలిపోవడమూ లేదు. వెనక విమానంలో వచ్చిన పెట్టెను హోటల్‌కి తెచ్చి ఇస్తారు గానీ నడిసముద్రంలోకి ఎవరు తెచ్చిస్తారు? రాత్రంతా కుర్చీలో కునికిపాట్లు పడ్డ అరవై ఏళ్ల ఒళ్లు మాటేమిటి? బీపీ మాత్రల వేళల సంగతేమిటి? ఇవన్నీ కూతురు ఒక్కొక్కటే విడమరిచాక ఆయన 'సరే, కానివ్వండి' అన్నారు.

వీసా విషయంలోనూ కూతురు చేసిన హెచ్చరిక పనికొచ్చింది. భారతీయులకు సింగపూర్‌ వీసా తప్పనిసరి. ఓడెక్కితే దేశం దాటినట్టే. తిరిగొచ్చి రేవులో దిగినప్పుడు రెండోసారి ప్రవేశించినట్టు లెక్క. కాబట్టి ఒకటికన్నా ఎక్కువసార్లు రావడానికి వీలున్న వీసా ఉండాలి. ఓడ ఆగే దేశాల నిబంధనలు వేరే. అవి తరచూ మారుతుంటాయి కనుక బయల్దేరే ముందు మరోసారి సరిచూసుకోవాల్సిందే.

పద్నాలుగు కాదు... మూడు!

సింగపూర్‌ పేరు సంస్కృతంలోని సింహపురం నుంచి వచ్చిందే. మన నెల్లూరుకీ ఒకప్పుడు విక్రమసింహపురి అనే పేరుండేది. మన గడియారం కన్నా ఆ ఊరి గడియారం రెండున్నర గంటలు ముందుంటుంది. తెల్లవారుజామున చాంగీ విమానాశ్రయంలో దిగిన ఈ జంటకు ముందు చేయాల్సి వచ్చిన పని... చేతి గడియారాలు సరిచేసుకోవడం.

విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న జ్యుయెల్‌ భవనంలో 40 మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతం ఉంది. భవనం లోపలి జలపాతాల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తయినది. 2019లో ప్రారంభమైంది. కానీ పొద్దున్నే వెళ్తే నీళ్లుండవు. బాగా పొద్దెక్కాకే దాన్ని వదులుతారు. దాన్ని తిరుగు ప్రయాణానికి అట్టే పెట్టుకుని ఇద్దరూ మెట్రో ఎక్కారు. ఎక్స్‌పో స్టేషన్‌లో నీలంరంగు డౌన్‌టౌన్‌ లైన్‌లోకి మారితే నేరుగా లిటిల్‌ ఇండియా. వాళ్లు బస చేసింది అక్కడే. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నానికే అయినా పెట్టెలు ముందుగానే దాచిపెడతారు. చేతులు ఖాళీ అయ్యాయి. సెరంగూన్‌ రోడ్డులో ఇడ్లీ, ఫిల్టర్‌ కాఫీ కడుపులో పడ్డాయి.

అప్పుడు ఆయన జేబులోంచి ఓ కాగితం తీశారు. గంటగంటకీ ఏం చూడాలో రాసుకున్న జాబితా. మొత్తం 14 చోట్లు! ఆవిడ అది చదివి మడిచి తిరిగి ఆయన జేబులోనే పెట్టారు. 'ఏమండీ, ఇవన్నీ తిరిగితే రేపు ఓడెక్కి మంచం దిగం. మీకు నిజంగా ఏం చూడాలనుందో ఒక్కటి చెప్పండి' అన్నారు. ఆయన ఆలోచనలో పడ్డారు. 'మరి నీకో?' అన్నారు కాసేపటికి. ఆవిడ దగ్గరా వెంటనే జవాబు లేదు.

ఎలా ఉంటుంది మరి? ఈ 35 ఏళ్లలో తిరుపతి వెళ్లారు, షిర్డీ వెళ్లారు, కాశీ వెళ్లారు. అన్నిసార్లూ వెంట అత్తమామలో, పిల్లలో, చుట్టాలో. పులిహోర డబ్బాలు, మరచెంబులు, స్వెటర్ల సంచులు ఆవిడ పక్షం. టికెట్లు, సత్రం గది, బేరాలు ఆయన పక్షం. ఇద్దరూ కలిసి లోకం తిరిగారు గానీ 'నీకేం కావాల'ని ఒకరినొకరు అడగాల్సిన అవసరమే రాలేదు. ఆ పూట టిఫిన్‌ బల్ల దగ్గర ఒప్పందం కుదిరింది. ఆయనకొకటి, ఆవిడకొకటి, ఇద్దరికీ కలిపి ఒకటి. అంతే!

ఆవిడ పూలు

ఆవిడ ఎంచుకున్నది బొటానిక్‌ గార్డెన్స్‌. లిటిల్‌ ఇండియా నుంచి అదే నీలం లైన్‌లో మూడో స్టేషన్‌. 1859 నాటి తోట అది. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద జాబితాలో చేరింది. లోపలికి వెళ్లడానికి టికెట్‌ అక్కర్లేదు. అందులోని ఆర్కిడ్‌ తోటకు మాత్రం కొనాలి. సింగపూర్‌ జాతీయ పుష్పం కూడా ఆర్కిడ్డే. పేరు వాండా మిస్‌ జోకిమ్‌. ఆగ్నెస్‌ జోకిమ్‌ అనే మహిళ తోటలో పూసిన పువ్వుకు ఆమె పేరే పెట్టారు. 1981లో దానికి జాతీయ హోదా దక్కింది.

ఇంటి బాల్కనీలో కుండీలు పెంచే ఆవిడకి ఆ తోటలో కాలం తెలియలేదు. కాసేపు తిరిగి ఓ బెంచీ మీద కూర్చున్నారు. పొద్దున పదిన్నర. ఇంటిదగ్గరైతే కుక్కర్‌ కూతపెట్టే వేళ. ఎవరికీ ఏమీ అందించక్కర్లేని ఆ గంట ఆవిడకి కొత్త. వెంటతెచ్చుకున్న జంతికలు తీయబోయి మళ్లీ సంచీలో పెట్టేశారట. పక్కన ఆయన కూడా తొందరపెట్టలేదు.

మధ్యాహ్న భోజనం లిటిల్‌ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో. ఒకే కప్పు కింద పదుల కొద్దీ తిండి దుకాణాలుండే ఇలాంటి చోట్లను హాకర్‌ సెంటర్లంటారు. ఈ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ ఖాళీగా ఉన్న బల్ల మీద టిష్యూ కాగితాల ప్యాకెట్‌ కనిపిస్తే కూర్చోకూడదు. ఎవరో ఆ చోటు పట్టుకుని తిండి తెచ్చుకోవడానికి వెళ్లారని అర్థం. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టుకునే మనవాళ్లకి వేరే చెప్పాలా? తిన్నాక పళ్లెం తీసి నిర్ణీత స్థలంలో పెట్టడం మాత్రం మర్చిపోకూడదు. 2021 నుంచి అది తప్పనిసరి.

ఆయన నది

మధ్యాహ్నం ఓ జల్లు పడింది. భూమధ్యరేఖకు దగ్గరున్న ఊరు కదా, వాన చెప్పాపెట్టకుండా వస్తుంది. గది చేతికొచ్చింది కాబట్టి ఇద్దరూ హాయిగా గంటన్నర నిద్రపోయారు. హోటల్‌ లేకుంటే ఆ వేళ రేవులో పెట్టెల మీద కూర్చుని ఉండేవాళ్లు!

సాయంత్రం ఆయన వంతు. ఆయనకు నది చూడాలనుంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్‌ కాలువల మధ్య పెరిగిన మనిషి కదా... నీళ్లున్న ఊరిని నీటి గట్టు నుంచే చూడాలంటారు. సింగపూర్‌ నది ఒకప్పుడు సరకు పడవలతో కిక్కిరిసి ఉండేది. వ్యాపారమంతా ఆ గట్టు మీదే. దాంతోపాటే మురుగూ, చెత్తా, భరించలేని కంపూ. 1977లో ప్రభుత్వం నదిని శుభ్రం చేయడానికి పూనుకుంది. పందుల పెంపకం కేంద్రాలను తొలగించారు. గట్టు మీది బండ్ల వ్యాపారులను హాకర్‌ సెంటర్లలోకి మార్చారు. పడవలను వేరేచోటికి తరలించారు. పదేళ్లు పట్టింది. 1987కల్లా నీరు తేటపడింది.

నది మీద 1869లో కట్టిన కావెనా వంతెన ఉంది. ఇప్పుడు పాదచారులకు మాత్రమే. పశువులనూ గుర్రాలనూ దీని మీదుగా తోలకూడదన్న పాతకాలపు హెచ్చరిక బోర్డు ఇంకా అలాగే ఉంది. దాని పక్కన నిలబడి ఆయన చాలాసేపు నీటి వంక చూశారు. పదేళ్లలో ఇంత పని జరిగితే మన కాలువలకెందుకు జరగదన్న ప్రశ్న ఆయన్ని ఆ రాత్రి దాకా వదల్లేదు.

ఇద్దరిదీ... ఆ వెలుగు

మూడోది గార్డెన్స్‌ బై ద బే. 2012లో తెరిచిన ఈ తోట ఉన్నదీ డౌన్‌టౌన్‌ లైన్‌ మీదే. బేఫ్రంట్‌ స్టేషన్‌లో దిగాలి. ఇక్కడి సూపర్‌ట్రీలు 18. ఇనుప చట్రాల మీద మొక్కలు అల్లుకున్న ఆ నిలువెత్తు 'చెట్లు' 25 నుంచి 50 మీటర్ల దాకా ఉంటాయి. సింగపూర్‌లో ఏడాదంతా దాదాపు ఏడింటికే పొద్దుగూకుతుంది. రాత్రి 7.45కి, మళ్లీ 8.45కి ఆ చెట్లు సంగీతానికి అనుగుణంగా వెలుగుతాయి. చూడ్డానికి పైసా కట్టక్కర్లేదు. జనం నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తారు. మోకాళ్ల నొప్పులని మొదట తటపటాయించిన ఆవిడ... తర్వాత చీర కొంగు సర్దుకుని నేల మీదే పడుకున్నారు. పక్కనే ఆయన!

రేవుకి వేళయింది

మర్నాడు పొద్దున్నే సెరంగూన్‌ రోడ్డు మీదున్న శ్రీనివాస పెరుమాళ్‌ ఆలయానికి నడిచి వెళ్లొచ్చారు. 1855 నాటి గుడి. సింగపూర్‌ జాతీయ కట్టడాల్లో ఒకటి. పరాయి దేశంలో వెంకన్న దర్శనమయ్యాక ఆవిడకి ఓడంటే ఉన్న బెదురూ తగ్గింది.

ఇక్కడో చిన్న మెలిక. సింగపూర్‌లో విహారనౌకల రేవులు రెండు. ఒకటి 2012లో ప్రారంభమైన మెరీనా బే క్రూజ్‌ సెంటర్‌. రెండోది హార్బర్‌ఫ్రంట్‌లోని సింగపూర్‌ క్రూజ్‌ సెంటర్‌. 'ఓడరేవుకి పోనివ్వు' అంటే టాక్సీ ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఈ జంట టికెట్‌ మీద రాసింది ముందురోజు రాత్రే చూసుకుని మెరీనా బే అని స్పష్టంగా చెప్పారు.

రేవులో పెద్దపెట్టెలు తీసేసుకుంటారు. అవి గది ముందుకు చేరేసరికి సాయంత్రం కావచ్చు. మందులు, పాస్‌పోర్టులు, ఓ జత బట్టలు చేతిసంచీలో ఉన్నాయి కాబట్టి వీళ్లకు ఇబ్బంది లేకపోయింది. ఓడ కదిలేలోపే ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చెప్పే భద్రతా శిక్షణ ఉంటుంది. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా నౌక ప్రమాదం తర్వాత అంతర్జాతీయ నిబంధనలు మారి, ఓడ బయల్దేరకముందే లేదా బయల్దేరిన వెంటనే ఈ శిక్షణ ఇవ్వడం తప్పనిసరైంది.

ఓడ కదిలింది. డెక్‌ మీద అందరూ ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. 'అదేంటి, ఇదేంటి' అని ఒకరినొకరు అడుగుతున్నారు. దూరమవుతున్న ఆ ఊళ్లో వీళ్లిద్దరికీ తెలిసినవి మూడే. వాటిని మాత్రం వేలు పెట్టి చూపించగలిగారు.

గుర్తుంచుకోండి!

* సింగపూర్‌ ఎరైవల్‌ కార్డును చేరే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. ఓడ దిగి మళ్లీ సింగపూర్‌లో ప్రవేశించేటప్పుడూ అంతే.

* గసగసాలు, అవి కలిపిన మసాలాలు ఇంట్లోనే వదిలేయండి. సింగపూర్‌లోకి అనుమతించరు. చూయింగ్‌ గమ్‌, ఈ-సిగరెట్లు కూడా వద్దు.

* ఇస్త్రీపెట్టె, కెటిల్‌, రైస్‌కుక్కర్‌ లాంటివి చాలా ఓడల్లో నిషిద్ధం. నిప్పు భయం మరి!

* దారిలో ఆగే రేవుల్లో స్థానిక సమయం వేరుగా ఉండొచ్చు. ఫుకెట్‌ గడియారం సింగపూర్‌ కన్నా గంట వెనక. దిగినప్పుడు ఓడ గడియారాన్నే నమ్మండి.

* ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఓడ తప్పిపోతే వర్తిస్తుందో లేదో అడగండి.

* ముంబయి, చెన్నై, 2023లో క్రూజ్‌ టెర్మినల్‌ ప్రారంభమైన విశాఖ... ఎక్కడ ఓడెక్కినా ఒకరోజు ముందే చేరడం మేలు. ఆరోజు చూడాల్సినవి మాత్రం మూడు దాటనివ్వకండి.