ఇల్లాలికిని సెలవు కావలెను

మనుచరిత్రమున ప్రవరాఖ్యుడు సిద్ధుడొసగిన పాదలేపమును పూసికొని క్షణములో హిమవత్పర్వతమునకు పోయెను. మంచునీట లేపము కరగిపోగా మరలివచ్చు దారి తోచక అలమటించెను. పండితులీ కథలో ప్రవరుని నిష్ఠను మెచ్చుకొందురు. గృహిణులమగు మనము మఱి రెండు సంగతులను గమనింపవలసియున్నది. మొదటిది, తిరుగుప్రయాణపు టేర్పాటు లేని విహారము కష్టములను తెచ్చును. రెండవది, ఆ విహారమునకు పోయినవా డొక్కడే. అతని యిల్లాలు ఇంటియొద్దనే యుండెను.

నేటి సంసారములలో ఇల్లాలిని ఇంట విడిచిపోవుట తగ్గినది. కాని వంటయిల్లే యామెతో కూడ ప్రయాణము చేయుచున్నది. బియ్యము, పప్పు, గ్యాసుపొయ్యి మూటగట్టుకొని పోయి, కొండమీద ఆమె పదిమందికి వండుచుండగా తక్కినవారు ప్రకృతిశోభను చూచి వత్తురు. ఇది ఆమెకు సెలవు కాదు, ఊరుమార్పు మాత్రమే. కావున సోదరీమణులారా, విహారసీమ నెన్నుకొనునపుడు "అచ్చట ఏమి చూతుము?" అనుటకు ముందు "అచ్చట ఎవరు వండుదురు?" అని యడుగుట యుచితము.

ఇంగ్లాండు దేశమున పల్లెసీమలలో సెలవులు గడపుట చిరకాలపు టాచారము. అచ్చటివారు తమ కోరికను బట్టి సీమ నెన్నుకొందురు. కొండలును సరస్సులును కోరువారు వాయవ్యమున నున్న లేక్ డిస్ట్రిక్టునకును, తేనెవన్నె రాతియిండ్లుగల ప్రశాంతమైన పల్లెలను కోరువారు కాట్స్‌వోల్డ్సునకును, సముద్రతీరమును కోరువారు కార్న్‌వాలునకును పోవుదురు. లేక్ డిస్ట్రిక్టు ఎంత సుందరమో అంత వానసీమ. గొడుగు లేనివారికి అచ్చటి యందము దక్కదు. వర్డ్స్‌వర్త్ కవి యా సీమకు దారిచూపు గ్రంథమును వ్రాసినవాడే. అయినను జనసమ్మర్దమున సీమ చెడునని భయపడి 1844లో అచ్చటికి రైలు రాకూడదని వాదించెను. 1847లో రైలు రానే వచ్చినది. మన తెలుగు స్త్రీలలో పోతం జానకమ్మగారు 19వ శతాబ్దిలోనే ఇంగ్లాండు చూచివచ్చి యాత్రావృత్తాంతము వ్రాసిరి. దాని యాంగ్లానువాదము 1876లో మదరాసున వెలువడెను. మనకంత దూరము పోనక్కఱలేదు. కోరికను, కాలమును ఎఱిగి సీమ నెన్నుకొను పద్ధతిని గ్రహించిన చాలును.

కాలమునుగూర్చి మొదట చెప్పెదను. బడిపిల్లలకు దీర్ఘమైన సెలవులు వేసవిలో వచ్చును. కాని యప్పుడు మన దక్కను పీఠభూమిలోని కొండలు ఆకురాల్చి, వాగు లెండి, ఱాళ్లు మండుచుండును. వానలు వెనుకబట్టిన పిదప వచ్చు దసరా సెలవులే మన ప్రాంతపు విహారమునకు తగిన కాలము. బతుకమ్మకు పుట్టినింటికి పోవలసిన యాడుపడుచులు పండుగ ముగిసిన పిదప మిగిలిన దినములను దీనికై యుంచుకొనవచ్చును.

మా జహీరాబాదు నుండి పోదగినవానిలో అనంతగిరి మొదటిది. వికారాబాదు వఱకు రైలున్నది. అచ్చటినుండి కొండ సుమారు 6 కిలోమీటర్లు. అనంతపద్మనాభస్వామి యాలయమును, ఎఱ్ఱనేలలో దట్టముగా పెరిగిన యడవియు నచ్చట కలవు. 1908లో హైదరాబాదును ముంచి వేలకొలది ప్రాణములను గొన్న మూసీనది పుట్టినిల్లీ కొండలే. అచ్చటి సన్నని నీటిధారను పిల్లలకు చూపి, ఇదియే నగరము దాటి వాడపల్లి యొద్ద కృష్ణలో కలియునని చెప్పిన, భూగోళపాఠము మఱవరాదు. అచ్చటి గాలి మంచిదనియే పూర్వము క్షయరోగులకు కొండమీద ఆరోగ్యాలయమును నెలకొల్పిరి.

రెండవది బీదరు. సుమారు 30 కిలోమీటర్లు. అదే రైలుమార్గమున రెండవ దిక్కున నున్నది. 1956 వఱకు మా తాలూకా బీదరు జిల్లాలోనిదే కనుక అది మాకు పరాయియూరు కాదు. బహమనీ సుల్తానుల కోట, 1472లో మహమూద్ గవాన్ కట్టించిన విద్యాలయము, నల్లని లోహముపై వెండితీగ పొదుగు బిద్రీపని చూడదగినవి. నరసింహ ఝరణిలో గుహలోపల నీటిలో నడచి స్వామిని దర్శింపవలెను; చిన్నపిల్లలను ఎత్తుకొనిపోవలెను. గురునానక్ ఝీరా గురుద్వారమున వచ్చినవారి కెల్లరకు, కులమతభేదము లేక, ఉచితముగా భోజనము పెట్టుదురు. ఒకపూట పరులు వండినది పంక్తిలో గూర్చుండి తినుట ఇల్లాలికెంత విశ్రాంతియో చెప్పనక్కఱలేదు.

దూరము పోగలవారికి అరకులోయ కలదు. విశాఖపట్టణము నుండి రైలు అనేక సొరంగములను దాటి పైకెక్కును. దారిలో బొఱ్ఱా గుహలు కలవు. నవంబరు, డిసెంబరు మాసములలో వలిసెపూలు పొలములను పసుపుపఱచును. వేసవిలోనే పోవలసినవారు మదనపల్లె చెంతనున్న హార్స్‌లీ కొండలను తలపవచ్చును. ఎత్తు సుమారు 4,100 అడుగులగుటచే అచ్చట ఎండ తీవ్రత తక్కువ. కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర వేసవికై యచ్చట ఇల్లు కట్టుకొనుటచే ఆ పేరు వచ్చినది.

నీటియొద్ద మాత్రము సాహసము వలదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు వద్ద వరదగోదావరిలో మునిగి పెక్కు కుటుంబములు దుఃఖమున పడెను. నది పొంగియున్న దినములలో పడవ నెక్కరాదు. ప్రాణరక్షక కవచము పిల్లలకు తొడుగనిదే తల్లి యొడ్డు విడువరాదు.

ఇక వ్యయము. ఉపాధ్యాయుని జీతమువంటి మితమైన యాదాయమున బసయు భోజనమును రెండును కొనుట భారమే. దానికొక యుపాయము కలదు: దినములను తగ్గింపుడు, వంటను మానుడు. నాలుగు దినములు వండుకొనుచు నుండుటకంటె రెండు దినములు వండకుండ నుండుట మేలు. అత్తగారు బయటి యన్నము తిననిచో, అటుకులు, పేలపిండి, సజ్జరొట్టెలు ఇంటినుండియే చేసికొని పోవచ్చును. ఆ పని ఇంట నున్న కోడండ్రు, కుమారులు, భర్తలు పంచుకొనవలెను.

సీతాదేవి చిత్రకూటమున శ్రీరామునితో కలసి కొండలను, మందాకినిని చూచి యానందించెనని రామాయణము తెలుపుచున్నది. వనవాసములోనే ఆమెకు లభించిన యా భాగ్యము సెలవుదినములలో మన యిండ్ల స్త్రీలకు లభింపకుండుట తగునా? ఈసారి ఇంట సెలవుల మాట వచ్చినపుడు సీమ పేరును మొదట ఇల్లాలినే చెప్పనిండు.