వార్తల్లో పదం: కంటోన్మెంట్ బోర్డు

ధౌలా కువాన్ కూడలి దాటి ఢిల్లీ కంటోన్మెంట్‌లోకి వెళ్తే చెత్త, వీధిదీపాలు, ఇంటి పన్ను మున్సిపల్ కార్పొరేషన్ చేతిలో ఉండవు. అవన్నీ కంటోన్మెంట్ బోర్డువి. 2006 కంటోన్మెంట్ల చట్టం కింద, రక్షణ శాఖ అజమాయిషీలో నడిచే పురపాలక సంఘమిది. అధ్యక్షుడు సైనికాధికారి, జనం గెలిపించిన సభ్యులకు దక్కేది ఉపాధ్యక్ష పదవే. ఆ కాస్త ప్రాతినిధ్యానికీ దిక్కులేకుండా పోయింది. 2015లో ఎన్నికైనవారి గడువు, పొడిగింపుతో కలిపి, 2021 ఫిబ్రవరిలో ముగిసింది. 2023 ఏప్రిల్ 30న 57 బోర్డులకు ఎన్నికలని ప్రకటించి, మార్చిలోనే రద్దు చేశారు. పౌర ప్రాంతాలను కంటోన్మెంట్ల నుంచి విడదీసి పక్క స్థానిక సంస్థల్లో కలిపేయాలన్నది కేంద్రం ఆలోచన. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌వాసులకు ఈ గొడవ కొత్తేమీ కాదు, జీహెచ్‌ఎంసీలో కలపమని ఏళ్లుగా అడుగుతున్నారు. ముందుగా ఆ విడదీత జరిగింది మాత్రం హిమాచల్‌లోని చిన్న ఊరు యోల్‌లో, 2023 ఏప్రిల్‌లో.