చప్పుడుకు రేటు లేదు, బరువుకే ఉంది

తనకల్లు నుంచి కదిరి మీదుగా వెళ్తే పుట్టపర్తి విమానాశ్రయం వస్తుంది. సత్యసాయి సెంట్రల్ ట్రస్టు కట్టించింది, 1990 నవంబరులో తెరిచారు, రన్‌వే 2,230 మీటర్లు. పెద్ద విమానాల సంగతి అలా ఉంచి, పాతకాలపు బుల్లి విమానం ఒకటి మన చెనిక్కాయ చేల మీదుగా వెళ్తే ఎంత గోల చేస్తుందో లెక్క కడదాం.

పుష్పక్‌నే తీసుకోండి. బెంగళూరులో తయారై 1958 సెప్టెంబరులో తొలిసారి ఎగిరింది. రెండు సీట్లు, 90 హార్స్‌పవర్ ఇంజను, మనుషులతో సహా గరిష్ఠ బరువు 612 కిలోలు. దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం పైలట్లు దీని మీదే చెయ్యి తిప్పుకున్నారు.

విమానాల చప్పుడుపై అంతర్జాతీయ నిబంధనలు 1971లో మొదలయ్యాయి. చిన్న ప్రొపెల్లర్ విమానాలకు పాత కొలత ఇదీ: 300 మీటర్ల ఎత్తులో తల మీదుగా పోతున్నప్పుడు, 600 కిలోల వరకు బరువున్నవి 68 డెసిబెల్స్ మించకూడదు. ఆపైన ప్రతి 75 కిలోలకు ఒక డెసిబెల్ పెంచుకుంటూ పోయి 1,500 కిలోల దగ్గర 80తో ఆపారు. పుష్పక్‌కు ఆ లెక్కన దక్కేది 68 మాత్రమే. అయితే అది నిబంధన కంటే ముందే పుట్టింది, కాబట్టి చప్పుడు సర్టిఫికెట్ అడిగినవాళ్లూ లేరు, ఇచ్చినవాళ్లూ లేరు.

ఇంజన్‌ను తిడతాం గానీ గోలలో పెద్ద వాటా ప్రొపెల్లర్ కొసలది. 1.9 మీటర్ల ప్రొపెల్లర్ నిమిషానికి 2,700 సార్లు తిరిగితే కొస వేగం సెకనుకు 269 మీటర్లు. ధ్వని వేగమే దాదాపు 340. ఆ గీతకు దగ్గరయ్యే కొద్దీ గోల ఇట్టే పెరుగుతుంది. 2,400కు తగ్గిస్తే 239 మీటర్లు, చెవికి తేడా తెలుస్తుంది.

మన దేశంలో నివాస ప్రాంతాలకు పగటి పరిమితి 55 డెసిబెల్స్. విమానం చప్పుడు 70 అనుకుందాం. 70 ఎక్కడ, 55 ఎక్కడ అని కంగారు పడొద్దు, 55 అన్నది సగటు. 70 డెసిబెల్స్ చప్పుడు ఇరవై సెకన్లు ఉండి పోతే, ఆ గంట సగటుకు అది చేర్చేది 47 మాత్రమే. ఒక్క విమానం ఒక్కసారి పోతే గొడవే లేదు. అదే విమానం శిక్షణ కోసం గంటకు పదిసార్లు దిగుతూ లేస్తూ ఉంటే? సగటు 57 దాటుతుంది. ఊరికి తలనొప్పి తెచ్చేది పాత విమానం కాదు, ఆగని చుట్లు.

ఇక డబ్బు సంగతి. జర్మనీలో చప్పుడు ఎక్కువ చేసే చిన్న విమానాలకు చాలా ఎయిర్‌ఫీల్డుల్లో ల్యాండింగ్ ఫీజు ఎక్కువ. సైలెన్సర్ బిగించుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటే తగ్గుతుంది. మన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ల్యాండింగ్ చార్జీ వసూలు చేసేది విమానం బరువును బట్టి, చప్పుడును బట్టి కాదు. పైగా గుర్తింపు ఉన్న ఫ్లయింగ్ స్కూళ్ల విమానాలకు ఆ చార్జీ మొత్తం మాఫీ. పైలట్లు కావాలి కనుక మాఫీ సబబే అనుకుందాం. కానీ ఎక్కువ చుట్లు కొట్టేవాళ్లకే చప్పుడు తగ్గించుకునే అవసరం లేకుండా పోవడం నా దృష్టిలో లోపమే.

మీ మండలానికి శిక్షణ ఎయిర్‌స్ట్రిప్ వస్తోందని ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, ఎన్ని ఎకరాలని మాత్రమే అడిగి ఊరుకోకండి. గంటకు ఎన్ని చుట్లు, ఎంత ఎత్తున, ఏ విమానంతో అని కూడా అడిగి రాయించుకోండి.