పెట్రోలు తక్కువా, గాలి ఎక్కువా?

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ లైటు వెలిగిందంటే వీపనగండ్ల, పెబ్బేరు, కొల్లాపూర్ వైపు కార్లున్నవాళ్లకు ముందు కావాల్సింది స్కానర్ ఉన్న షెడ్డు. స్టీరింగ్ కింది సాకెట్‌లో స్కానర్ పెడితే ఒక్కోసారి పి0171 అనే కోడ్ వస్తుంది. ఒకటో నంబరు సిలిండర్ ఉన్న వైపు మిశ్రమం బాగా పలచబడింది, అంటే గాలికి సరిపడా పెట్రోలు అందడం లేదు అని దాని అర్థం. చిన్న కార్లకు ఉండేది ఒకటే వైపు కాబట్టి అటా ఇటా అన్న పేచీ లేదు. చాలాచోట్ల విచారణ అక్కడితో ముగిసిపోతుంది. ఆక్సిజన్ సెన్సార్ పోయిందని తేల్చి కొత్తది బిగిస్తారు, కోడ్ చెరిపేస్తారు, బిల్లు చేతిలో పెడతారు. నన్నడిగితే ఆ కోడ్ ఫిర్యాదే తప్ప తీర్పు కాదు. పైగా ఫిర్యాదు చేసినవాడినే దోషిగా పట్టుకోవడం ఇక్కడ జరుగుతున్న అసలు పొరపాటు. ఎందుకో తెలియాలంటే ఆ సెన్సార్ పుట్టుక చూడాలి.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ 1889లో ఒక సమీకరణం ఇచ్చాడు. ఒకే పదార్థం రెండు పక్కలా వేర్వేరు గాఢతల్లో ఉంటే మధ్యలో ఎంత వోల్టేజీ పుడుతుందో అది చెబుతుంది. పదేళ్లు తిరక్కుండానే జిర్కోనియా పింగాణీని వేడిచేస్తే కరెంటు పారుతుందని గమనించి దానితో దీపమే చేశాడు. జిర్కోనియాకు ముడిసరుకైన జిర్కాన్ మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఉంది. కార్ల సెన్సార్‌కు మాత్రం అవసరం వచ్చింది అమెరికాలో. లాస్ ఏంజెలిస్‌ను కమ్మిన పొగమంచుకు కార్ల పొగే కారణమని శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ 1950లలో నిరూపించాడు. ఆ పొగలోని మూడు రకాల విషాలనూ ఒకేసారి విరిచే కెటాలిటిక్ కన్వర్టర్ 1970లలో సిద్ధమైంది గానీ, దానికొక పట్టుదల ఉంది. ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి, అటూ ఇటూ జరిగితే పనిచేయదు. కార్బురేటర్‌కు అంత నిక్కచ్చి చేతకాదు. ఈ నిష్పత్తిని కాపలా కాసేందుకు బాష్ కంపెనీ ఈ ఆక్సిజన్ సెన్సార్‌ను లామ్డా సెన్సార్ పేరుతో చేసింది. 1976లో అమెరికా మార్కెట్‌కు వెళ్లిన వోల్వో కార్లలో అది తొలిసారి కనిపించింది.

విప్పి చూస్తే లోపల ఉండేది రెండు వైపులా ప్లాటినం పూత పూసిన చిన్న జిర్కోనియా పింగాణీ గొట్టం. ఒక కొస మూసి ఉంటుంది. బయటి వైపు సైలెన్సర్‌కు పోయే పొగ తగులుతుంది, లోపలి వైపు మామూలు గాలి. సుమారు 300 డిగ్రీల వేడెక్కాక పొగలో ఆక్సిజన్ లేకపోతే 0.9 వోల్టుల దాకా, మిగిలి ఉంటే 0.1 వోల్టు చూపిస్తుంది. బాగున్న ఇంజన్‌లో ఈ రెండింటి మధ్య నిమిషమంతా ఊగుతూనే ఉంటుంది. అసలు కీలకం ఇక్కడుంది: అది చూసేది ఆక్సిజన్‌నే, పెట్రోలును అది జన్మలో చూడలేదు. పెట్రోలు తగ్గిందన్నది కంప్యూటర్ చేసుకున్న అనుమానం మాత్రమే. సైలెన్సర్ మొదట్లో, సెన్సార్‌కు ముందు చిన్న పగులుంటే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఒక సిలిండర్ మిస్సింగ్ అయితే కాలని గాలి అలాగే పొగలోకి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ పెట్రోలు సరిగ్గానే ఉన్నా సెన్సార్ పలచన అనే చెబుతుంది. పాపం, దాని తప్పేమీ లేదు.

మన దగ్గరికి ఈ సెన్సార్ ఆలస్యంగా వచ్చింది. సీసం కలిసిన పెట్రోలు దాన్ని చంపేస్తుంది, దేశమంతటా సీసం పోయింది 2000లో. బీఎస్-4 కార్లలో ఓబీడీ-2 అనే స్వీయ తనిఖీ వ్యవస్థ తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్‌లో. అప్పటినుంచి సాకెట్‌లో కోడ్ ఒక్కటే కాదు, అంతకన్నా విలువైన సరుకు దొరుకుతోంది. పలచన కనిపించినప్పుడల్లా కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకెలో ఉంటుంది. అది చాలా కార్లలో 20-25 శాతం దగ్గర హద్దు తాకాకే, అదీ వరుసగా రెండు ప్రయాణాల్లో జరిగితేనే, లైటు వెలుగుతుంది. ఆ అంకెను ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి, గేరులో చడావు ఎక్కేటప్పుడు ఒకసారి చూడాలి. ఐడిల్‌లో ఎక్కువుండి రేజ్ చేస్తే తగ్గిందంటే, దొంగగాలి ఎక్కడో లోపలికి పోతోంది. ధాన్యం నిల్వలున్న ఊళ్లలో ఎలుకలు బానెట్ కింద కాపురం పెడతాయి కాబట్టి మానిఫోల్డ్ వెనక రబ్బరు పైపుల అడుగు భాగం వేలితో తడిమి చూడటం మంచిది. పైనుంచి నిగనిగలాడే పైపు కిందివైపు నోరు తెరుచుకుని ఉండొచ్చు. లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే మాత్రం పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్ల వైపు తిరగాలి. అమెరికా వీడియోలు చూసి నేర్చినవాళ్లకు ఒక హెచ్చరిక: మన చిన్న కార్లలో చాలావాటికి గాలిని కొలిచే మీటరు ఉండదు, మానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి లెక్కగడతారు. వాటిలో దొంగగాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది గనక ట్రిమ్ కన్నా ముందు ఐడిల్ స్పీడు పెరుగుతుంది.

సెన్సార్ మార్చాక లైటు పోయింది కదా అంటారు. పోతుంది. చాలా కార్లలో కోడ్ చెరిపితే కంప్యూటర్ నేర్చుకున్న ట్రిమ్ కూడా సున్నా అవుతుంది. మళ్లీ నేర్చుకుని, హద్దు తాకి, రెండు ప్రయాణాల్లో నిర్ధారించుకునేసరికి కొన్ని రోజులు పడుతుంది. ఆ విరామాన్నే మరమ్మతు అనుకుంటున్నాం. పైగా లైటు వెలిగిన క్షణంలో ఇంజన్ వేడి, స్పీడు, లోడు ఎంతున్నాయో దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతోపాటే చెరిగిపోతుంది. సెన్సార్ అసలు చెడిపోదా అంటే, చెడిపోతుంది. సిలికాన్ గమ్ము ఆవిరి తగిలితే మొద్దుబారుతుంది, నూనె మసి పడుతుంది. కానీ సెన్సార్‌లోని హీటర్ కాలిపోతే పి0135, స్పందన మందగిస్తే పి0133 అని విడిగా కోడ్లున్నాయి. అవేవీ లేకుండా పి0171 ఒక్కటే ఉంటే అనుమానితుల జాబితాలో సెన్సార్‌ది చివరి స్థానం. కార్బురేటర్ కాలంలో చెవితో విని స్క్రూ తిప్పితే సరిపోయేదనే పెద్ద మెకానిక్‌ల మాటలో నిజముంది. ఆ చెవి ఈనాటికీ ఈలవేసే పైపును స్కానర్ కన్నా ముందు పట్టుకుంటుంది. కాకపోతే నూటికి పది వంతుల పెట్రోలు తేడాను ఏ చెవీ వినలేదు.

గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2025లో రైతులు రోడ్డెక్కారు. పెట్రోలులో కలుపుతున్న ఆ ఇథనాల్ సంగతి ఇక్కడా ప్రస్తావించక తప్పదు. దాని తూకంలో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. అందుకే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు కిలోకు సుమారు 13.5 కిలోల గాలి చాలు, 10 శాతం కలిపినదానికి 14.1. పది శాతానికి ట్యూన్ చేసిన పాత కారు ఇరవై శాతం తాగితే ట్రిమ్ నాలుగైదు శాతం పైకి జరుగుతుంది. దానంతట అది పి0171 తెప్పించలేదు, కొత్త పెట్రోలే కారణమని సరిపెట్టుకోవడం తప్పు. అయితే అప్పటికే పైపు పగిలి 17 శాతం మీద నడుస్తున్న కారును హద్దు దాటించేది ఆ నాలుగే. మరమ్మతు జరిగిందో లేదో తేల్చాల్సింది కూడా ఆరిపోయిన లైటు కాదు: వారం నడిపాక ఐడిల్‌లోనూ లోడులోనూ ట్రిమ్ పాత కారుకు ఐదారు శాతం లోపు నిలబడాలి, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి.