ఎదురుగా జనం వీపులే!
తిరునాళ్లలో చక్రాల కుర్చీకి చోటేదీ?

సత్యవేడు: భీముడి గద పడింది. డప్పులు మోగాయి. ఆడవాళ్లు చీపుర్లు, చేటలు పట్టుకుని దుర్యోధనుడి మట్టి బొమ్మ మీదికి ఉరికారు. చుట్టూ పది వరుసల మందాన నిలబడ్డ జనం కళ్లార్పకుండా చూశారు. వాళ్ల వెనక, చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం ఏమీ చూడలేదు.

''ఏం జూసేది సారూ! జనాల ఈపులు జూసొచ్చినా'' అన్నాడాయన మర్నాడు, వాకిట్లో బీడీ ముట్టించుకుంటూ. చిన్నతనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. భారతంలో పద్యాలు సగానికి సగం నోటికి వచ్చు. ''ఇంటికాడ ఉండమంటే ఇనడు ఆయప్ప. పోయి కుమిలిపోతా వస్తాడు'' అని ఆయన భార్య విసుక్కుంది.

ద్రౌపదమ్మ తిరునాళ్లు మన ప్రాంతానికి కొత్త కాదు. పుత్తూరు మొదలుకొని అరవ దేశం సరిహద్దు పల్లెల దాకా ఎండాకాలం వచ్చిందంటే భారతమే. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, చివర్లో దుర్యోధన వధ, ఆ పైన అగ్నిగుండం. కొన్ని ఊళ్లలో పద్దెనిమిది రోజులు, కొన్ని ఊళ్లలో అంతకు తక్కువ. బంధువులు దిగుతారు. ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు. ఈ సంబరంలో నడవలేని వాళ్ల సంగతి ఎవరికి పట్టింది?

పెద్దాయనతో కూర్చుని మాట్లాడితే ఒక విషయం తేలింది. తిరునాళ్లలో అన్ని రోజులూ ఆయనకు ఒకటి కావు. రాత్రి నాటకానికి ఇబ్బంది తక్కువ. జనం గోనెపట్టాలు, చాపలు పరుచుకుని నేల మీద కూర్చుంటారు కనుక కుర్చీలో ఉన్నవాడికి వెనకనుంచి కూడా తిన్నె కనిపిస్తుంది. అయితే ముందుకు వెళ్తే మాత్రం ''నీ కుర్చీ అడ్డం, పక్కకు జరుపు'' అని పిల్లకాయల దగ్గర్నుంచీ కేకలే. తపసు మాను రోజయితే ఆయనకు పండగే! అర్జునుడు అంతెత్తు మాను ఎక్కి పైనుంచి పండ్లు, నిమ్మకాయలు, విభూది విసురుతాడు. అందరూ తలెత్తే చూడాలి. ఆ ఒక్క రోజు నిలబడ్డవాడికీ కూర్చున్నవాడికీ తేడా లేదు.

దుర్యోధన వధ, అగ్నిగుండం నేల మీద జరిగేవి. ఆ రెండు రోజులూ ఆయనకు శూన్యమే. ఇన్నేళ్లలో కంకణం కట్టుకున్న భక్తులు నిప్పులు తొక్కడం ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదట. పొగ వాసన మాత్రం తెలుసునన్నాడు.

అంధుల సంగతి వేరు. హరికథకు, పద్యానికి వాళ్లను మించిన శ్రోతలు ఉండరు. పద్యం ఎక్కడ తప్పిందో ముందు వాళ్లకే తెలుస్తుంది. వారికి కావలసిందల్లా తొక్కిసలాట లేని ఒక మూల, చేయి పట్టుకుని తీసుకెళ్లే ఒక మనిషి.

కొండమీద కూడా...

తిరుమలలో మామూలు రోజుల్లో వికలాంగులకు, 65 ఏళ్లు దాటిన వృద్ధులకు విడిగా ఉచిత దర్శనం ఉంది. టోకెన్లు ముందుగానే ఆన్‌లైన్‌లో ఇస్తారు. వైకల్య ధ్రువపత్రం, ఆధార్ ఉండాలి. ఎందరికో ఇది మేలు చేసిన ఏర్పాటు. కానీ బ్రహ్మోత్సవాల రోజుల్లో, వైకుంఠ ఏకాదశి రోజుల్లో రద్దీ కారణంగా ఈ ప్రత్యేక దర్శనాలను రద్దు చేస్తుంటారు. అంటే అందరూ చూడాలని ఉబలాటపడే రోజునే వీరికి దారి ఉండదు. ఈ సంగతి తెలియక గరుడసేవ నాడు బయల్దేరి అవస్థ పడేవారున్నారు. వెళ్లేముందు కనుక్కుని వెళ్లడం మంచిది.

రద్దీ అంటే భయం ఊరికే పుట్టలేదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శన టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. వారికి కాళ్లున్నాయి. కుర్చీలో ఉన్నవాడు ఆ గుంపులో ఏం కావాలి?

పైదేశంలో ఎలా ఉంది?

అమెరికాలో 1990లోనే వికలాంగుల కోసం చట్టం వచ్చింది. దాని కింద పెట్టిన నిబంధనల్లో ఒకటి మన తిరునాళ్లకు సరిగ్గా అతుకుతుంది. జనం లేచి నిలబడి చూసే ఆటలైతే, నిలబడ్డవారి తలల మీదుగా కనిపించేంత ఎత్తున చక్రాల కుర్చీలకు చోటు కట్టాలి. పక్కనే తోడు వచ్చినవారికీ సీటు ఉండాలి. టెక్సాస్ రాష్ట్రం సాన్ ఆంటోనియోలో 2010లో వైకల్యమున్నవారి కోసమే ఒక వినోదవనం తెరిచారు. కుర్చీతో సహా ఎక్కి తిరిగే రంగులరాట్నం కూడా ఉంది అందులో. వైకల్యమున్నవారికి ప్రవేశం ఉచితం.

అంత దూరం ఎందుకు, మన వాళ్లు నెలకోసారి వెళ్లొచ్చే మద్రాసు మెరీనా బీచిలో 2022 నవంబరులో ఇసుక మీద కొయ్య దారి వేశారు. సుమారు 260 మీటర్లు. చక్రాల కుర్చీ నేరుగా అలల దగ్గరికి వెళ్తుంది. మరుసటి నెలే తుపానుకు దెబ్బతింటే బాగుచేశారు.

మన దేశంలో చట్టం లేదా? ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. అందరితో సమానంగా సాంస్కృతిక జీవితంలో, వినోదంలో పాలుపంచుకునే హక్కు అందులో రాసే ఉంది. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలైంది. పింఛను ఇంటికి వస్తోంది సరే, ఇంట్లోని మనిషి గడప దాటి తిరునాళ్లకు వచ్చే దారే లేదు.

గుండం మట్టితో దిబ్బ

దీనికి లక్షలు అక్కర్లేదు. చక్రాల కుర్చీలో కూర్చున్నవారి కన్ను నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. నిలబడ్డ మనిషి తల అయిదున్నర అడుగులు. తేడా అడుగున్నర మాత్రమే! రెండడుగుల దిబ్బ ఉంటే చాలు. అగ్నిగుండానికి మట్టి తవ్వుతారు కదా? ఆ మట్టినే ఒక పక్కగా పోసి, నీళ్లు చల్లి దిమ్మిస కొడితే దిబ్బ తయారు. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉంటే నాలుగైదు కుర్చీలు, పక్కన తోడువాళ్లు పడతారు. ఎక్కే వాలు మాత్రం నిటారుగా ఉండకూడదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు అని లెక్క. రెండడుగులకు ఇరవై నాలుగు. అంచున వెదురు దడి తప్పనిసరి. గాలివాటు చూసుకుని, నిప్పు సెగ, పొగ తగలని వైపు వేయాలి. బయటికి పోయే దారి పక్కనే ఉండాలి.

ట్రాక్టరు ట్రాలీ పెడితే సరిపోదా అని ఒకరన్నారు. పెట్టొచ్చు. కానీ నలుగురు కలిసి బస్తాను ఎత్తినట్టు ఎత్తాలి. ''నన్ను ఎత్తొద్దు సారూ, తోస్తే చాలు'' అన్నాడు పెద్దాయన. అదీ న్యాయమే.

ఇంట్లోవాళ్లకు కొన్ని మాటలు. ఇసుకలో, దున్నిన నేలలో చిన్న చక్రాలు దిగబడతాయి. కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుండేలా లాగితే తేలిగ్గా వస్తుంది. వాలు దిగేటప్పుడు కూడా వెనక్కి తిప్పే దించాలి. ఇద్దరు తోడుండాలి, ఒకరు ముందు దారి చేస్తే ఒకరు వెనక తోయాలి. గుంపు మధ్యకు పోవద్దు. జనం కదలక ముందే బయల్దేరడమో, అంతా పోయాక లేవడమో చేయాలి. మరుగుదొడ్డి సంగతి ముందే చూసుకోవాలి. ఆడవాళ్లయితే ఈ ఒక్క కారణానికే తిరునాళ్లకు రావడం మానేస్తున్నారు. సాయంత్రం నుంచి నీళ్లు తాగకుండా వచ్చి కూర్చుంటున్నానని ఒకామె చెప్పింది.

ఈ దిబ్బ సంగతి తిరునాళ్ల కమిటీ పెద్ద ఒకరి చెవిన వేస్తే, ''ఎవురూ అడగలా, మేమూ అనుకోలా. మట్టి ఎట్టా తీస్తాం గదా, చూద్దాంలే'' అన్నారు. వచ్చే ఏడు గుండం తవ్వేనాడు తానే వెళ్లి పక్కన కూర్చుంటానని, పలుగు పట్టినవాళ్లకు మట్టి ఏ పక్క పోయాలో చూపిస్తానని పెద్దాయన అంటున్నాడు.