లెక్కపెట్టినందుకు స్కాలర్‌షిప్!

మీ తరగతిలో తరచు తలనొప్పితో బాధపడేవారు ఎందరు? వారికే ఎందుకు వస్తోంది? ఈ ప్రశ్నలకు జవాబు వెదకడం కూడా పరిశోధనేనా అని మీకు సందేహం రావచ్చు. పరిశోధనే. అమెరికాలో ఇటువంటి ప్రశ్నలను శ్రద్ధగా పట్టించుకున్న హైస్కూలు విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు కూడా దక్కాయి.

రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్, కాలేజ్ బోర్డు కలిసి 2003లో 'యంగ్ ఎపిడెమియాలజీ స్కాలర్స్' అనే పోటీని ప్రారంభించాయి. 11, 12 తరగతుల వారికే ఇది. ఏటా 120 మంది వరకు కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్ పొందేవారు. అగ్రస్థానంలో నిలిచిన ఇద్దరికి తలా 50,000 డాలర్లు! 2011తో ఈ పోటీ ఆగిపోయింది. డబ్బు మాట అటుంచండి. ఇటువంటి పరిశోధనకు ఖరీదైన ప్రయోగశాల తప్పనిసరి కాదు. కాగితం, కలం, ఓపిక ఉంటే మొదలుపెట్టవచ్చు.

ఒక వ్యాధి ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు వస్తోందో లెక్కించి, రానివారితో పోల్చి, కారణాన్ని వెదికే శాస్త్రమే ఎపిడెమియాలజీ. 'రానివారితో' అన్న మాటను గుర్తుంచుకోండి. 1854లో లండన్‌లోని బ్రాడ్ వీధి పరిసరాల్లో కలరా చెలరేగింది. చుట్టుపక్కల ఇళ్లలో జనం వరసగా చనిపోతున్నారు. కాని అక్కడికి దగ్గర్లోనే ఉన్న పేదల వసతి గృహంలోని 535 మందిలో చనిపోయింది ఐదుగురే. ఎందుకని? వారికి సొంత బావి ఉంది. కలరా క్రిమి గురించి ఏమీ తెలియకుండానే డాక్టర్ జాన్ స్నో వీధి పంపు నీటిని అనుమానించగలిగాడు.

ఇక మన తలనొప్పికి వద్దాం. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఒక స్కూల్లో 200 మందిని అడిగారనుకోండి. ఉదయం ఏమీ తినకుండా వచ్చేవారు 50 మంది, వారిలో తలనొప్పి ఉన్నవారు 15 మంది. తిని వచ్చేవారు 150 మంది, వారిలో తలనొప్పి ఉన్నవారు 18 మంది. 15 కంటే 18 ఎక్కువ కదా, తింటేనే తలనొప్పి వస్తుందందామా? తొందరపడకండి. మొదటి గుంపులో ఇది నూటికి 30, రెండో గుంపులో నూటికి 12. అంటే తినని వారిలో తలనొప్పి రెండున్నర రెట్లు ఎక్కువ. ఎందరికి వచ్చిందన్నది ఒక్కటే చాలదు, ఎందరిలో వచ్చిందన్నది కావాలి.

ఇంతటితో కారణం దొరికిపోయిందా? అసలు చిక్కు ఇక్కడే ఉంది. తినకుండా వచ్చేవారిలో చాలామంది తెల్లవారకముందే లేచి దూరపు ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవారు కావచ్చు. అప్పుడు తప్పు ఖాళీ కడుపుదా, చాలని నిద్రదా? బాగా నిద్రపోయిన వారిని విడిగా, నిద్ర చాలని వారిని విడిగా తీసుకుని మళ్లీ పోల్చాలి. రెండు చోట్లా తేడా కనిపిస్తే ఖాళీ కడుపు మీద అనుమానం బలపడుతుంది. 20 మందిని అడిగి ఊరుకుంటే మాత్రం ఆ తేడా కేవలం కాకతాళీయం కావచ్చు. అన్నట్లు, అడిగేముందు పిల్లల, తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. జవాబుల పక్కన పేర్లు ఉండకూడదు.

ఇటువంటి ప్రశ్నలకు మన దగ్గరా కొదవ లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో వెల్లడించింది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచే. నల్లగొండ జిల్లా గోడు మీరు వినే ఉంటారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతున్నాయి. ఇటువంటి ఊళ్లో గార పళ్లున్న వారిని లెక్కించబోతే ముందుగా అడగాల్సింది 'ఇప్పుడు ఏ నీరు తాగుతున్నారు' అని కాదు. శాశ్వత దంతాల ఎనామిల్ చాలావరకు ఎనిమిదేళ్ల లోపే తయారవుతుంది. కాబట్టి ఆ వయసులో ఏ ఊళ్లో ఉన్నారో, ఏ బావి నీరు తాగారో అడగాలి.