హెర్షీ పాత కార్ల సంత: మొదటిసారి వెళ్లేవాళ్లు తెలుసుకోవలసినవి

తాతల నాటి ఫోర్డో, షెవర్లేయో, డాడ్జో, విల్లీస్ జీపో ఇంటి వెనక షెడ్డులో ఉంచుకున్న కుటుంబాలు కోయంబత్తూరు వైపు, బెంగళూరు వైపు, ముంబయిలో మన తెలుగువాళ్లలో ఇంకా ఉన్నాయి. బండిని మళ్లీ రోడ్డెక్కించాలని చాలామందికి ఉంటుంది. టింకరింగ్ అవుతుంది, పెయింటు అవుతుంది, చివరికి ఒక కార్బ్యురేటరు దగ్గరో, ఒక గేరు చక్రం దగ్గరో పని ఆగిపోతుంది. చెన్నై పుదుపేటలో, బెంగళూరు జె.సి. రోడ్డులో వెతికి వెతికి అలసిపోయినవాళ్లు మాకు తెలుసు. వీళ్లలో కొందరికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఏడాదికో రెండేళ్లకో అక్కడికి వెళ్లి వస్తూనే ఉంటారు. ఆ ప్రయాణం అక్టోబరులో పెట్టుకుంటే హెర్షీ సంత చూడవచ్చు. కావలసిన సామాను తెచ్చుకోవడానికీ వీలుంటుంది.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. అక్కడ సామానుకు కొదవ లేదు. మన బండికి ఏది సరిపోతుందో తెలియకుండా వెళ్లడమే అసలు ఇబ్బంది. మీ బండి గురించి మీకు ఎంత తెలిస్తే ఆ సంత మీకు అంత ఉపయోగపడుతుంది. ఈ వ్యాసంలో సగం ఇంటి దగ్గర చేసుకోవలసిన పని గురించే ఉండటానికి కారణం అదే.

హెర్షీ అంటే ఏమిటి?

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో హెర్షీ అనేది చాక్లెట్ ఊరు. అక్కడి చాక్లెట్ అవెన్యూలో వీధి దీపాలు కూడా చాక్లెట్ ఆకారంలోనే ఉంటాయి. 1935లో ఫిలడెల్ఫియాలో మొదలైన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా 1955 నుంచి ఏటా శరదృతువులో ఇక్కడ మేళా జరుపుతోంది. అక్టోబరు మొదటి వారం ప్రాంతంలో కొన్ని రోజుల పాటు ఇది సాగుతుంది. అమ్మకందారులకు దాదాపు 9,000 స్థలాలు ఉన్నాయని చెప్పుకునే సంత ఇది. పాత సామాను అమ్మే మైదానాలు, అమ్మకానికి పెట్టిన బండ్ల వరసలు, పోటీ ప్రదర్శన, అన్నీ ఒకే ఊళ్లో ఉంటాయి. కార్యక్రమాల రోజులు కొన్నేళ్లలో మారుతూ వచ్చాయి. కాబట్టి టికెట్ కొనే ముందు ఆ ఏటి ప్రకటన చూసుకోండి.

బ్రిటిష్ బండ్లు ఉన్నవాళ్లకు, అంటే మోరిస్, ఆస్టిన్, స్టాండర్డ్, హిల్‌మన్ యజమానులకు, హెర్షీ కంటే ఇంగ్లండులోని బ్యూలీ ఆటోజంబుల్ మేలు. 1967లో మొదలైన ఆ సంత సెప్టెంబరులో జరుగుతుంది. హెర్షీలో ఎక్కువగా కనిపించేది అమెరికా బండ్ల సామాను. అక్కడికి అంబాసిడర్ సామాను కోసం వెళితే చెప్పుల అరుగుదల తప్ప ఏమీ మిగలదు.

మన అమెరికా బండి పూర్తిగా అమెరికా బండి కాదు

మన దగ్గరున్న పాత అమెరికా బండ్లలో చాలావాటిని విడిభాగాలుగా తెచ్చి ఇక్కడే బిగించారు. ఫోర్డ్ 1926లో ఇక్కడ కంపెనీ పెట్టింది, కెనడా ఫోర్డుకు అనుబంధంగా. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివ్‌డీలో బండ్లు బిగించడం మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ డాడ్జ్, ప్లిమత్, డిసోటోలను, హిందుస్థాన్ మోటార్స్ స్టూడిబేకర్‌ను బిగించాయి. మహీంద్రా జీపులు కూడా 1940ల చివర్లోనే మొదలయ్యాయి.

దీని వల్ల మనకు రెండు తేడాలు వస్తాయి. మొదటిది, మన బండికి స్టీరింగు కుడివైపు, అక్కడి బండికి ఎడమవైపు. స్టీరింగు బాక్సు, పెడళ్ల అమరిక, డ్యాష్‌బోర్డు, వాటికి చేరే రాడ్లు అక్కడివి మనకు నేరుగా సరిపోవని అనుకునే వెళ్లాలి. ఇంజను లోపలి సామాను, గేర్‌బాక్సు చక్రాలు, వెనక యాక్సిల్, దీపాలు, డోరు హ్యాండిళ్లు, హబ్ క్యాపుల వంటివి చాలావరకు పనికొస్తాయి.

రెండోది కెనడా తేడా. ప్లిమత్, డాడ్జ్ బండ్ల ఆరు సిలిండర్ల పాత ఇంజన్లే చూడండి. అమెరికాలో తయారైనవాటికి సిలిండర్ హెడ్ పొడవు సుమారు 23 అంగుళాలు. కెనడాలో తయారైనవాటికి 25 అంగుళాలు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాని హెడ్ గాస్కెట్ రెండోదానికి పనికిరాదు. బండి మీద ప్లిమత్ అని రాసి ఉందని గాస్కెట్ కొనేసి, ఇంటికొచ్చి పరిచాక రెండంగుళాలు తక్కువైతే మళ్లీ అక్టోబరు దాకా ఆగాలి. టేపు పెట్టి కొలవడానికి ఒక్క నిమిషం చాలు.

ఇంటి దగ్గర చేసుకోవలసిన పని

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. మొదటి పేజీలో బండి ఏడాది, మోడల్, చాసిస్ నంబరు, ఇంజను నంబరు రాయండి. ఆర్.సి.లో ఉన్న ఏడాదిని అలాగే నమ్మకండి. బండి తయారైన ఏడాది ఒకటి, ఇక్కడ రిజిస్టరైన ఏడాది మరొకటి కావచ్చు.

తర్వాత కావలసిన సామాను జాబితా. పది కంటే ఎక్కువ వద్దు. ప్రతిదానికీ ఈ నాలుగూ ఉండాలి:

కొలతలు. పొడవు, వ్యాసం, బోల్టు రంధ్రాల మధ్య దూరం. అంగుళాల్లోనే రాసుకోండి, అక్కడ మిల్లీమీటర్లలో చెబితే ఎవరికీ పట్టదు.

అట్ట నమూనా. గాస్కెట్, ఫ్లాంజి లాంటివాటిని అట్ట మీద పెట్టి గీసి కత్తిరించి తీసుకెళ్లండి. అట్టను సామాను మీద పెట్టి చూస్తే మాటలతో పని లేదు.

ఫొటోలు. నాలుగు వైపుల నుంచీ తీయండి, పక్కన స్కేలు పెట్టి తీస్తే మరీ మంచిది. పోతపోసిన అంకెలు, అక్షరాలు స్పష్టంగా కనపడాలి.

పార్టు నంబరు. ఫోర్డు పద్ధతిలో 9510 అంటే కార్బ్యురేటరు. ముందున్న అక్షరం మోడల్‌ను చెబుతుంది. ఏ-9510 అంటే మోడల్-ఏ కార్బ్యురేటరు. ఏ సామాను ఏయే బండ్లకు సరిపోతుందో చెప్పే హోలాండర్ పుస్తకాలు 1934 నుంచి వస్తున్నాయి. పాత ప్రతి దొరికితే మీ బండి పేజీలు ఫొటో తీసుకోండి. డాడ్జ్ సామాను కోసం వెతుకుతూ ప్లిమత్ డబ్బాలో దాన్ని పట్టుకోవడం అలాగే సాధ్యం.

మీ మెకానిక్‌ను కూడా ఒకసారి కూర్చోబెట్టి అడగండి. పోయిందనుకున్న సామాను లేత్ షాపులో చేయించవచ్చని ఆయన అంటే, ఆ పేరు జాబితాలోంచి కొట్టేయండి. బుష్షులు, పిన్నులు, షాఫ్టులు మన ఊళ్లోనే అవుతాయి. పోతపోసినవి, అద్దాలు, మీటర్లు, బ్యాడ్జీలు చేయించడం కష్టం. డబ్బు వాటి మీద పెట్టండి.

పూర్తిగా అమర్చిన బండి ఎలా ఉంటుందో చూడాలనుకుంటే అమెరికా దాకా అక్కర్లేదు. కోయంబత్తూరులో జి.డి. నాయుడు గారి పేరు మీదున్న ట్రస్టు నడిపే గెడీ కార్ మ్యూజియం ఉంది. శ్రీరంగపట్నం దగ్గర పయణ మ్యూజియం ఉంది. మీ మోడల్‌కు దగ్గరి బండి అక్కడ కనిపిస్తే ఏ స్క్రూ ఎక్కడుందో ముందే చూసుకోవచ్చు.

సరైన సామానే కావాలని పట్టుబట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, మూల రూపంలోనే ఉండి, పెద్ద మార్పులు జరగని సొంత బండ్లను వింటేజ్ వాహనాలుగా ‘వీఏ’ వరసలో రిజిస్టరు చేస్తారు. చాసిస్, బాడీ, ఇంజను మారిస్తే ఆ అర్హతకే చిక్కు. ఏదో ఒక డీజిల్ ఇంజను బిగించి నడిపించేద్దాం అనే పాత అలవాటును ఇక్కడే ఆపాలి.

బస, ప్రయాణం

దగ్గరి విమానాశ్రయం హ్యారిస్‌బర్గ్. ఫిలడెల్ఫియా నుంచి కారులో దాదాపు రెండు గంటలు, న్యూజెర్సీలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్ల నుంచి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. హెర్షీలో గదులు ఏడాది ముందే నిండిపోతాయి. హ్యారిస్‌బర్గ్, లాంకస్టర్ వైపు చూసుకోవడం మంచిది. అక్టోబరు ఉదయాలు చలిగా ఉంటాయి, వాన కూడా ఈ సంతకు పాత చుట్టమే. ఇప్పుడు మైదానాల్లో చాలా భాగం తారు వేసినది కాబట్టి పూర్వపు బురద లేదు. అయినా గట్టి బూట్లు, రెయిన్‌కోటు తప్పనిసరి.

సంచిలో ఇవి ఉండాలి: నోటు పుస్తకం, టేపు, వెర్నియర్, మర్‌లు చూసే గేజి, చిన్న టార్చి, చిన్న అయస్కాంతం, పాత గుడ్డ, నీళ్లు. మడిచి పెట్టుకునే చిన్న తోపుడు బండి దొరికితే తీసుకెళ్లండి. ఒక స్టార్టర్ మోటారు చేతిలో పట్టుకుని కిలోమీటరు నడిచాక దాని విలువ తెలుస్తుంది.

తిరిగే పద్ధతి

మైదానాలకు చాక్లెట్, గ్రీన్, ఆరెంజ్ వంటి పేర్లున్నాయి. లోపల వరసలకు అక్షరాలు, స్థలాలకు అంకెలు ఉంటాయి. ముందు మ్యాపు సంపాదించి, ఒక మైదానం పూర్తి చేశాకే రెండోదానికి వెళ్లండి. నచ్చిన సామాను కనపడగానే ఆ స్థలం నంబరును ఫొటో తీయండి. ‘ఆ నీలం టెంటు పక్కన’ అని గుర్తు పెట్టుకుంటే సాయంత్రానికి నీలం టెంట్లు యాభై కనపడతాయి.

మంచి సామాను మొదటి రోజుల్లోనే పోతుంది. ధరలు చివరి రోజు తగ్గుతాయి. దొరకని సామాను కోసం వెళ్లినవాళ్లు మొదటి రోజే వెళ్లాలి. చూద్దాం, దొరికితే కొందాం అనుకునేవాళ్లు చివరి రోజు వెళ్లవచ్చు. బల్లల మీద మెరిసేవాటికంటే బల్లల కింద డబ్బాల్లో ఎక్కువ వెతకండి.

వెతికినా దొరక్కపోతే అడగండి. అమ్మేవాళ్లలో చాలామంది ఒకే రకం బండ్లతో జీవితం గడిపినవాళ్లు. ‘నా దగ్గర లేదు, కానీ ఫలానా వరసలో ఒకాయన ఉన్నాడు’ అనే మాటే అక్కడ అన్నిటికంటే విలువైన సరుకు. మన బండి ఫొటో చూపించండి. కుడివైపు స్టీరింగు చూడగానే నలుగురు మూగుతారు.

సామాను చూసే పద్ధతి

అక్కడ మూడు మాటలు వినపడతాయి. ‘ఎన్.ఓ.ఎస్.’ అంటే ఆనాడే తయారై, ఇప్పటిదాకా వాడకుండా ఉండిపోయిన సామాను. ‘రిప్రొడక్షన్’ అంటే ఈ మధ్య చేసిన నకలు. ‘కోర్’ అంటే బాగు చేసుకోవలసిన పాతది. మూడింటికీ ధర వేరు, మూడూ మంచివే, ఏది కొంటున్నామో తెలిసి కొనాలి.

ఇంజను బ్లాకు, హెడ్ కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ చలికాలంలో ఇంజనులో నీళ్లు గడ్డకట్టి పోత ఇనుము పగిలిపోతుంది. మన ఎండల్లో ఈ జబ్బు ఎరగం కాబట్టి చూడాలన్న ఆలోచనే రాదు. నీటి గదుల పక్కన గుడ్డతో తుడిచి, టార్చి వేసి, సన్నని గీతలున్నాయేమో చూడండి.

పాత కార్బ్యురేటర్లు, డోరు హ్యాండిళ్లు, మీటరు చట్రాలు కొన్ని జింకు మిశ్రమంతో పోసినవి. వాటిలో కల్తీ ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ లోహం ఉబ్బి, వంగి, బీటలు వారుతుంది. దీన్ని బాగు చేయలేం. చిన్న బీట కనిపించినా వదిలేయండి. మడ్‌గార్డు మీద అయస్కాంతం పెట్టండి. అది అంటుకోని చోట రంగు కింద ఉన్నది పుట్టీ.

కరెంటు సామాను అయితే వోల్టేజీ చూడండి. ఆ కాలపు బండ్లు ఎక్కువగా 6 వోల్టులవి. ఫోర్డు మోడల్-ఏకు పాజిటివ్ ఎర్త్, షెవర్లేకు నెగెటివ్ ఎర్త్. పాత బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని కొనకుండా, గీకకుండా ఉండటమే మేలు.

బేరం

బేరం ఉంది, కానీ పాండీ బజార్ బేరం కాదు. మూడో వంతుకు అడిగితే ఆయన మొహం తిప్పుకుంటాడు. సామానును తక్కువ చేసి మాట్లాడటం కూడా వాళ్లకు నచ్చదు. ‘ఆఖరి ధర ఎంత?’ అని మర్యాదగా అడగండి. ఒకే చోట మూడు నాలుగు కొని మొత్తం మీద తగ్గించమంటే తగ్గిస్తారు. ధర ఒప్పుకున్నాక వెనక్కి తగ్గకండి. నగదు ఉంచుకోండి, అందులో చిన్న నోట్లు కూడా ఉండాలి. డబ్బిచ్చి సామాను అక్కడే ఉంచి తర్వాత తీసుకెళ్లేటట్లయితే మీ పేరు రాసిన చీటీ దానికి కట్టించండి.

ఇంటికి తేవడం

చేతిరాత బిల్లు అయినా సరే ప్రతిదానికీ తీసుకోండి. సామాను పేరు, ధర, పాతదన్న మాట అందులో ఉండాలి. పరిమితి దాటిన విలువకు మన విమానాశ్రయంలో సుంకం కట్టాలి. బరువైనవి ఓడలో పంపాలంటే పాత సరుకు దిగుమతి నిబంధనలు వేరే ఉంటాయి, కొనడానికి ముందే కస్టమ్స్ ఏజెంటుతో మాట్లాడండి. కార్బ్యురేటరు, పెట్రోలు పంపు, పెట్రోలు ట్యాంకు వాడినవైతే పెట్రోలు పూర్తిగా తీసి, కడిగి, ఆరబెట్టాలి. పెట్రోలు వాసన వస్తే విమానంలోకి రానివ్వరు. అలాంటివి కొంటారనుకుంటే ఎయిర్‌లైన్‌ను ముందే అడగండి, సంతకూ తిరుగు ప్రయాణానికీ మధ్య నాలుగైదు రోజులు ఉంచుకోండి.

ఒక రోజు మిగిలితే ఊళ్లోనే ఉన్న కార్ల మ్యూజియం చూడండి. 2003లో తెరిచారు.

చివరగా, జాబితాలో పది ఉంటే మూడు దొరికినా ఆ ప్రయాణం ఫలించినట్లే. మిగిలిన ఏడింటికీ మీ చిరునామా, కొలతలు రాసిన కాగితాలు పది మంది అమ్మకందారులకు ఇచ్చి రండి. షెడ్డులో బండి గురించి వివరంగా చెప్పగల పెద్దవాళ్లు మన ఇళ్లలో ఏటికేడు తగ్గుతున్నారు. ఆ నోటు పుస్తకం రాయడానికి వాళ్ల పక్కన కూర్చోవలసింది ఇప్పుడే. అమెరికా వెళ్లినా, వెళ్లకపోయినా ఆ పుస్తకం బండితో పాటు ఉండాలి.